సోయా చిక్కుడు వేళ్లకు బుడిపెలు కట్టుట – విత్తనపు వంశగుణము



ఒకే చేనిలో ఒకే దినమున విత్తిన రెండు రకముల సోయా మొక్కలను త్రవ్వి చూచినచో, ఒకదాని వేళ్లకు బుడిపెలు మెండుగాను, రెండవదానికి కొద్దిగాను ఉండుట కలదు. నేలయు ఎరువును ఒక్కటియే యైనను ఈ భేదము కలుగుటకు విత్తనపు వంశగుణము ఒక ముఖ్యకారణము.

ఈ బుడిపెలు తెగులు కావు. కంటికి కానరాని సూక్ష్మజీవులు వానిలో నివసించి, గాలియందలి నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చును. మొక్క వానికి చక్కెరనిచ్చి పోషించును. చిక్కుడు జాతి పైరులు బుడిపెల మూలమున గాలి నత్రజనిని గ్రహించునని 1888లో జర్మనీ శాస్త్రజ్ఞులగు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనువారు ప్రకటించిరి.

అయితే మొక్క ప్రతి సూక్ష్మజీవిని లోనికి రానీయదు. వేరు కొన్ని ద్రవ్యములను మట్టిలోనికి విడుచును. వానిని గుర్తించిన సూక్ష్మజీవి తానును ఒక ద్రవ్యమును విడుచును. అది వేరునకు సరిపడిననే బుడిపె పుట్టును. ఈ ఎంపికను నిర్ణయించునవి తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులు. ఆర్.జె.2 అను జన్యువుగల సోయా రకములు కొన్ని తెగల సూక్ష్మజీవులను బుడిపెలు కట్టనీయవు.

అమెరికా నుండి తెచ్చిన సోయా రకములు ఆఫ్రికా నేలలలోని సూక్ష్మజీవులతో సరిగా బుడిపెలు కట్టలేదు. కావున నైజీరియాలోని ఇబాదాను నగరమందలి అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థవారు, 1970ల చివరి నుండి ఆసియా రకములతో సంకరము చేసి, స్థానిక సూక్ష్మజీవులతోనే పొత్తు కుదుర్చుకొను రకములను పుట్టించిరి. అయినను కొన్ని నేలలలో వానికి సైతము సూక్ష్మజీవుల పొడి పట్టించుట లాభకరమని తరువాత తేలినది.

ఆదిలాబాదు ప్రాంతమున వలె సోయా పండించు చోట్ల, ఆ పైరు క్రొత్తగా వేయు చేనికి సోయా కొరకు తయారైన రైజోబియము పొడినే వాడవలెను. వేరుశనగకు చేసినది దీనికి పనికిరాదు. కాచి చల్లార్చిన బెల్లపు నీటితో ఆ పొడిని విత్తనములకు పట్టించి, నీడన ఆరబెట్టి, ఆనాడే విత్తవలెను. ఎండ తగిలినచో ఆ జీవులు చచ్చును.

పూత సమయమున మొక్కను పెరుకక, పారతో మట్టితోకూడ త్రవ్వి, బుడిపెను కోసి చూడవలెను. లోపల ఎఱ్ఱగా నున్నచో పనిచేయుచున్నట్లు. తెల్లగా నున్నచో పనిచేయనట్లు. ఎఱ్ఱని బుడిపెలు సమృద్ధిగా నున్న చేనికి పైపాటుగా యూరియా చల్లుట వలన ధనము వ్యర్థమగుటయే గాక, బుడిపెల పనియు మందగించును.

విత్తన రకమును మార్చిన ప్రతి యేడును ఈ పరీక్షను మరల చేయవలెను. నిరుటి రకమునకు పొసగిన సూక్ష్మజీవులు క్రొత్త రకమునకు పొసగుననుట నిశ్చయము కాదు.