కొత్తగా ఊరికి వచ్చిన సభ్యులు - మన కర్తవ్యం
(పాల సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగం)



1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టా రైతులు ఎందరో రాయచూరు, బళ్ళారి ప్రాంతాలకు వెళ్ళి స్థిరపడ్డారు. వారి ఊళ్ళను ఈనాటికీ 'క్యాంపు'లనే పిలుస్తారు. పైరు పండటానికి ఒక కారు చాలు. మనవాడు అనిపించుకోవటానికి చాలదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెలకూ కౌలుదార్లు, కొత్త కోడళ్ళు వస్తుంటారు. వారికి నా మనవి: ఎవరో వచ్చి పలకరిస్తారని ఇంట్లో కూర్చోకండి. రెండుపూటలా పాలు మీరే తెచ్చి పోయండి. పచ్చిమేత ఎక్కడ దొరుకుతుందో, పశువుల డాక్టరుగారు ఎప్పుడు వస్తారో అడగండి. అడగటం నామోషీ కాదు. గేదె ఈనలేక అవస్థపడే రాత్రి తలుపు తట్టటానికి తెలిసిన ఇల్లొకటి ఉండాలి.

ఇక పాత సభ్యులకు ఒక మాట. వెన్నశాతం తగ్గితే, "కొత్తవాళ్ళు, నీళ్ళు కలిపారేమో" అనే మాట ముందు పుడుతుంది. వెన్నశాతం మేతనుబట్టి, పూటనుబట్టి, ఈనిన కాలాన్నిబట్టి మారుతుంది. అనుమానముంటే లాక్టోమీటరు, వెన్న పరీక్ష వారి ఎదుటే జరిపించి పుస్తకంలో రాయించండి. పరీక్ష తేల్చవలసినదాన్ని నోటితో తేల్చకండి. ఆ ఒక్క మాటతో కుటుంబం సంఘం వదిలి ప్రైవేటు వ్యాపారికి పాలు పోస్తుంది, నష్టం ఇద్దరికీ.

వాటాలెన్ని ఉన్నా సభ్యునికి ఒకటే ఓటు. కనుక మహాజన సభలో కొత్తవారిని పేరుపెట్టి పిలవండి, వారిచేత నాలుగు మాటలు చెప్పించండి. క్యానులో కలిసిన పాలు ఎవరివో తెలియనక్కరలేదు. పోసిన మనిషి మాత్రం అందరికీ తెలియాలి.