పేరు తెలియని పరిచారకులు

(మేడ్చల్, శామీర్‌పేట సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



రాజుల రెండవ గ్రంథములోని నయమాను కథ మనకందరికిని తెలిసినదే. కుష్ఠరోగియైన ఆ సైన్యాధిపతి పేరు వ్రాయబడినది, ప్రవక్తయైన ఎలీషా పేరు వ్రాయబడినది. ప్రవక్త సంగతి చెప్పి త్రోవ చూపిన చిన్నదాని పేరు మాత్రము లేదు. ఆమె చెరపట్టబడి వచ్చిన పిల్ల. తాను దాసిగా ఉన్న ఇంటి యజమానునికే మేలు కోరినది. శతాబ్ది సంవత్సరమున మనము జ్ఞాపకము చేసికొనవలసినది ఇట్టివారినే.

మన మేడ్చల్ మీదుగా నిజామాబాదు పోవు రైలు మార్గములోనే డిచ్‌పల్లి ఉన్నది. అక్కడ 1915లో వెస్లియన్ మిషను వారు కుష్ఠరోగులకు విక్టోరియా ఆసుపత్రిని స్థాపించిరి. స్కాట్లండు నుండి 1907లో వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త రెవ. జార్జి కెర్ గారు దానికి పునాది వేసిరి. రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత ధనసహాయము చేసిరి. ఈ మూడు పేర్లు చరిత్రకెక్కినవి. అయితే చాల్ముగ్రా నూనె ఇంజెక్షనులే ముఖ్యమైన మందుగా ఉన్న ఆ దినములలో పుండ్లు కడిగి కట్లు కట్టినవారిని, వండి వడ్డించినవారిని మనమెన్నడైన తలంచితిమా? 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయమును చూచి పాస్నెట్ దొరగారిని స్మరింతుము. కరవు కాలమున అక్కడ రాళ్లు మోసిన కూలీలను స్మరింతుమా?

సేవకులు తమ పేరు తామే మరచిరి. రోగుల పేరును లోకము తుడిచివేసెను. జపానులో 1996లో నిర్బంధ చట్టము రద్దగువరకు శరణాలయములలో ఉంచబడిన రోగులు అనేకులు, ఇంటివారికి నింద రాకూడదని మారుపేర్లతో బ్రతికిరి. మన దేశములోను కుష్ఠువ్యాధి కారణముగా విడాకులు కోరు వీలు 2019 సవరణ చట్టము వరకు ఉండెను. కనుక రోగిని పేరు పెట్టి పిలుచుటే సేవలో మొదటి మెట్టు.

ఇది గతించిన కథ కాదు. చర్మముపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఎవరికైనను రావచ్చును. 6 నెలలు గాని 12 నెలలు గాని మాత్రలు వాడిన నయమగును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో అవి ఉచితము. సిగ్గుపడి దాచుకొన్నచో చేతులు, పాదములు చెడును. మేడ్చల్ ఫ్యాక్టరీలకు, శామీర్‌పేట ప్రాంతమందలి తుర్కపల్లి మందుల కంపెనీలకు పనికి వచ్చి అద్దె గదులలో ఉండువారు తమ బాధ ఎవరితో చెప్పుకొందురు? ప్రక్క గదిలోనివారి పేరైన మనము అడిగితిమా?

గుడికి బెంచీ ఇచ్చినను, ఫ్యాను ఇచ్చినను దానిమీద మన పేరు వ్రాయించుకొందుము. అది పాపమని మేము చెప్పుట లేదు. అయితే ఈ సంవత్సరము ప్రతి కుటుంబము ఎక్కడను పేరు వ్రాయని ఒక్క పనియైనను చేయవలెనని కోరుచున్నాము. ఒక రోగిని ఆసుపత్రికి తోడుకొని పొండి. మాత్రలు పూర్తియగువరకు నెలనెల విచారించుడి. ఆరాధనలో అతని ప్రక్కన కూర్చుండుడి, ప్రేమవిందులో అతనితో కలిసి భుజించుడి. ఇందుకు రశీదు ఉండదు, శిలాఫలకము ఉండదు. పరలోకపు తండ్రి ఎరుగును, అది చాలును.

అట్టి సేవకు ప్రభువు మనలను సిద్ధపరచును గాక. ఆమేన్.