పాత కారునకు విద్యుత్ పంకా



మన పల్లెలలో నేటికిని కొన్ని పాత కార్లు తిరుగుచున్నవి. వానిలో మన కందరకును బాగుగా తెలిసినది అంబాసిడరు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాను అనుసరించి, హిందూస్థాన్ మోటార్సు వారు పశ్చిమ బంగాళములోని ఉత్తరపాడాలో దీనిని 1957 నుండి 2014 వరకు తయారుచేసిరి. తయారగుట ఆగిపోయినను, ఉన్న బండ్లను బాగుచేసికొని నడుపుకొనువారు ఇంకను కలరు. మా యింట అట్టి కారొకటి యున్నది. పెండ్లికి, పేరంటమునకు, పట్టణమున పనులకు అది ఊరివారి కెల్లరకు పనికివచ్చుచున్నది. 108 వాహనము వచ్చువరకు ఆగుటకు వీలులేనప్పుడు రోగులను ఆసుపత్రికి చేర్చినదియు అదియే. అట్టి వేళ మూసిన రైలు గేటు చెంత కారు సలసల కాగి నిలిచిపోయినచో, ఆ నష్టమును రూపాయలలో లెక్కింపజాలము.

ఈ కాగుటకు మందుగా నేడు పలువురు ఒక పని చేయుచున్నారు. పాడుపడిన చిన్న కారునుండి విద్యుత్తుతో తిరుగు పంకాను ఊడదీయించి తెచ్చి, పాత కారు రేడియేటరునకు అమర్చుచున్నారు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల అట్టి పంకాలు దొరకును. ఈ పని మంచిదే. మా కారునకు నేనును చేయించితిని. కాని చేయించుటకు ముందు రెండు లెక్కలు చూచుకొనవలెను. ఒకటి గాలి లెక్క, రెండవది విద్యుత్తు లెక్క. ఈ రెండును సరిపోయినప్పుడే పంకా మేలుచేయును. సరిపోనిచో ఒక రోగమునకు తోడు మరియొక రోగము కొని తెచ్చుకొన్నట్లగును.

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన వేడిలో మూడవ వంతునకు మించి బండిని నడుపుటకు ఉపయోగపడదు. మిగిలిన దానిలో చాలభాగము పొగగొట్టము ద్వారా వెడలిపోవును. ఇంచుమించు అంతియే వేడిని ఇంజను చుట్టును తిరుగు నీరు గ్రహించి బయటికి కొనిపోవలెను. కార్ల్ బెంజ్ అను జర్మనుడు 1886లో చేసిన మూడు చక్రముల బండిలో ఆ నీరు కాగి ఆవిరియై పోవుచుండెను. అతని భార్య బెర్తా 1888లో ఆ తరహా బండిపై మాన్‌హైమ్ పట్టణమునుండి తన పుట్టినూరగు ఫోర్‌జ్‌హైమ్‌నకు నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసినప్పుడు, దారిలో మాటిమాటికి నీరు పోయవలసివచ్చెను. పిదప సన్నని గొట్టములు పెక్కు చేర్చి, వాని నడుమ గాలి పోవునట్లు రేడియేటరును నిర్మించిరి. నీటి వేడిని గాలి తీసికొనిపోవును. చల్లబడిన నీరే మరల ఇంజనులోనికి పోవును. ఎండకాలములో పాలను ఒక గిన్నెనుండి మరియొక గిన్నెలోనికి తిరగబోసి చల్లార్చుటవంటిదే ఈ పని.

ఇక గాలి లెక్క. కళ్లములో ధాన్యము తూర్పారబట్టుట మీరెరిగినదే. గాలి చక్కగా వీచుచున్నంతసేపు ఎవ్వరును చేటతో విసరరు. గాలి పడిపోయినప్పుడే విసరవలసివచ్చును. కారు సంగతియు నట్టిదే. బాటమీద గంటకు 50, 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు ఎదురుగాలి తనంతట తానే రేడియేటరులో దూరును. అప్పుడు పంకాతో పని అంతగా లేదు. రైలు గేటు దగ్గర, సంతవీధిలో, పెండ్లి ఊరేగింపులో కారు నిలిచినప్పుడో, మనిషి నడకతో పోవునప్పుడో మాత్రమే పంకా కావలెను.

పాత కార్లలో పంకాను ఇంజనే బెల్టుతో త్రిప్పును. ఇంజను నెమ్మదిగా తిరిగిన పంకాయు నెమ్మదిగా తిరుగును. ఇంజను వడిగా తిరిగిన పంకాయు వడిగా తిరుగును. అనగా గాలి మిక్కిలి అవసరమైన చోట తక్కువగా విసరును. అవసరములేని చోట ఇంజను బలమును తినుచు ఎక్కువగా విసరును. విద్యుత్ పంకా అట్లు కాదు. ఇంజను వేగముతో దానికి సంబంధము లేదు. నీరు వేడెక్కినప్పుడు పూర్తి వేగముతో తిరుగును, చల్లబడగానే ఆగును. 1983లో మన దేశమున వెలువడిన మారుతీ 800 వంటి చిన్న కార్లలో ఇంజను అడ్డముగా నుండుటచే, బెల్టుతో పంకాను రేడియేటరునకు ఎదురుగా త్రిప్పుట సులభము కాదు. కావున వానికి మొదటినుండియు విద్యుత్ పంకాయే అమర్చబడెను. మనము పాత సామానుల కొట్టులో కొనునవి తరచుగా ఇట్టి కార్ల పంకాలే.

దీనినిబట్టి పెద్దలు డ్రైవరును అడుగవలసిన మొదటి ప్రశ్న యొకటి కలదు. కారు ఎక్కడ కాగినది? నిలిచినప్పుడే కాగి, బాటమీదికి పోగానే చల్లబడుచున్నచో గాలి చాలలేదని అర్థము. పంకా దానికి తగిన మందు. బాటమీద మంచి వేగముతో పోవుచుండగనే కాగుచున్నచో లోపము గాలిది కాదు. ఎంత పెద్ద పంకా పెట్టినను ప్రయోజనము లేదు. రేడియేటరు గొట్టములు పూడియుండవచ్చును. నీటిని వదలు థర్మోస్టాటు తెరచుకొనకుండవచ్చును. బెల్టు వదులై యుండవచ్చును. నిప్పురవ్వ పడవలసిన సమయము తప్పియుండవచ్చును. ఇంజను తలకు క్రిందనుండు గ్యాస్కెట్టు కాలిపోయి యుండవచ్చును. ముందు వీనిని పరీక్షింపవలెను.

మన ప్రాంతములలో రేడియేటరు పూడుటకు రెండు కారణములు ముఖ్యమైనవి. మొదటిది బోరునీరు. నీళ్లు కాచు గిన్నె లోపల తెల్లగా గట్టిపడు పొరను ఇల్లాండ్రందరును ఎరుగుదురు. రేడియేటరు గొట్టములలోను అదియే ఏర్పడి దారిని మూయును. కావున బ్యాటరీకి పోయునట్టి శుద్ధజలమును గాని, శుభ్రముగా పట్టి నిలువచేసిన వాననీటిని గాని, తగిన కూలెంటు కలిపి పోయుట మేలు. ఆ కూలెంటు సాధారణముగా విషము. తియ్యగా నుండుటచే పిల్లలును, పశువులును, కుక్కలును త్రాగు ప్రమాదము కలదు. వంచిన దానిని దొడ్డిలో పారబోయరాదు. రెండవ కారణము బయటిది. కోతలకాలమున బాటలపై ధాన్యము ఆరబోసి నూర్చునప్పుడు లేచిన పొట్టును, గడ్డి నలుసులును, పురుగులును రేకుల సందులలో నిండును. ఇంజను చల్లారిన తరువాత, లోపలి వైపునుండి ముందునకు నీటిని మెల్లగా చిమ్మి కడిగించిన చాలును. పంకా కొనక పూర్వమే ఈ కడుగుటతో మా కారు సగము కుదుటబడినది.

ఇప్పుడు విద్యుత్తు లెక్క చెప్పెదను. పంకా 100 వాట్లదనుకొందము. 12 వోల్టుల బ్యాటరీనుండి అది 8 ఆంపియర్లకు పైగా తీసికొనును; ప్రారంభమున క్షణకాలము అంతకు చాల హెచ్చు. ముందు దీపములు రెండును వెలిగించిన మరియొక 9, 10 ఆంపియర్లు కావలెను. ఇంజను మండుటకు మరికొంత. పాత కార్ల డైనమో బాగుగా తిరుగునప్పుడు సాధారణముగా 20, 25 ఆంపియర్ల వరకే ఇయ్యగలదు. బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఇంచుమించు ఏమియు నీయదు. పంకా కావలసినదియు సరిగా ఆ సమయమందే! కాబట్టి రాత్రి ఊరేగింపులో పంకాకు, దీపములకు, కొన్ని యెడల మైకునకు సైతము బ్యాటరీయే పెట్టుబడి. రాబడి లేక వ్యయమే చేయు కుటుంబము వలె అది రెండుమూడు గంటలలో అడుగంటును. పిమ్మట ఇంజను ఆపినచో మరల మేలుకొనదు. డైనమోకు బదులు ఆల్టర్నేటరు ఉన్న కారులో ఈ చిక్కు తక్కువ. అది నెమ్మదిగా తిరుగునప్పుడును కొంత విద్యుత్తు నిచ్చును. డైనమో ఉన్న కారు గలవారు మొదట ఆల్టర్నేటరు పెట్టించుకొనుడు. లేదా ఊరేగింపులకు ఇచ్చునప్పుడు మైకునకు వేరు బ్యాటరీ తెచ్చుకొమ్మని గట్టిగా చెప్పుడు.

లెక్కలు రెండును కుదిరినవనుకొందము. పంకాను కొనునప్పుడు చేతితో త్రిప్పి చూడవలెను. ఇరుసు అటునిటు ఊగరాదు. రాపిడి శబ్దము రారాదు. రెక్కలకు బీట లుండరాదు. కొట్టువాని బ్యాటరీకి కలిపి పావుగంట త్రిప్పించి, అది ఎన్ని ఆంపియర్లు తీసికొనుచున్నదో మీటరుతో చూపించుకొనవలెను. లెక్కకు మించి తీసికొను మోటారు అరిగినదని తెలియవలెను.

పాత పంకా రెక్కలను తీయించునప్పుడు బెల్టును తీయరాదు. నీటి పంపును, డైనమోను త్రిప్పునది ఆ బెల్టే. కొన్ని ఇంజనులలో పంకాను, బెల్టు చక్రమును ఒకే బోల్టులు పట్టియుంచును. రెక్కలు తీసినపిదప అవే బోల్టులు పొడవెక్కువై బిగియవు. తగినంత పొట్టి బోల్టులు వేయింపవలెను. కొత్త పంకాను ఇనుప పట్టీలతో కారు చట్రమునకే బిగింపవలెను. రేడియేటరు రేకుల నడుమనుండి కట్టులు దూర్చి బిగించు అలవాటు కొందరికి కలదు. బండి కుదుపులకు ఆ కట్టులు రాచుకొని, కొన్ని నెలలలో గొట్టములకు చిల్లులు చేయును.

పంకా గాలిని ఏ వైపునకు నెట్టుచున్నదో తప్పక చూడవలెను. రేడియేటరు వెనుకనున్న పంకా ముందునుండి గాలిని లాగి ఇంజను వైపునకు విసరవలెను. తీగలు తారుమారైనచో మోటారు ఎదురుగా తిరిగి, ఎదురుగాలితో పోరాడును. కొన్ని పాత ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ధన ధ్రువమే కారు దేహమునకు కలుపబడి యుండును. అట్టివానిలో ఈ పొరపాటు సులభముగా జరుగును. పరీక్ష మిక్కిలి తేలిక. రేడియేటరు ముందు ఒక కాగితము పట్టుడు. కాగితము రేడియేటరునకు అంటుకొన్న సరి, ఎగిరిపోయిన తప్పు.

తీగల సంగతియే అన్నింటికంటె ముఖ్యము. ఒక మరమ్మతు శాలలో నేను కన్నులార చూచితిని. ఇంటి దీపమునకు వాడునట్టి సన్నని తీగతో, నడుమ ఫ్యూజు లేకుండ, పంకాను బ్యాటరీకి కలిపిరి. అరగంట గడవకమునుపే తీగపై తొడుగు కరిగి పొగ లేచినది. దగ్గర మనిషి ఉండుటచే బ్యాటరీ విప్పి కారును కాపాడగలిగిరి. నడిదారిలో, లోపల ప్రయాణికులుండగా అదే జరిగినచో ఏమగునో మీరే ఊహింపుడు. కావున తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కారాదు. బ్యాటరీకి చేరువలోనే తగిన ఫ్యూజు ఉండవలెను. పంకాకు పోవు విద్యుత్తును రిలే అను చిన్న పెట్టె ద్వారా పంపవలెను. అప్పుడు మీట గుండ స్వల్పమైన విద్యుత్తే పోవును, బరువంతయు రిలే మోయును. నీటి వేడినిబట్టి పనిచేయు మీటను అమర్చినచో, సుమారు 90, 95 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర పంకా తిరిగి, కొన్ని డిగ్రీలు తగ్గగానే ఆగును. అది పాడైనప్పుడు వాడుకొనుటకు డ్రైవరు చేతికందు మీట యొకటి వేరుగా పెట్టించుట వివేకము.

చివరగా రెండు హెచ్చరికలు. ఇంజను ఆపిన తరువాతకూడ ఈ పంకా తనంతట తాను తిరుగవచ్చును. అందుచే మూత ఎత్తినప్పుడు పిల్లలను దరిచేరనీయకుడు. చేతులు గాని, కండువా కొంగు గాని రెక్కల దగ్గర ఉంచకుడు. కాగిన రేడియేటరు మూతను వెంటనే త్రిప్పకుడు. లోపల ఒత్తిడి యుండుటచే నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత వదులుకాగానే ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖమును, చేతులను కాల్చును. ఇంజను ఆపి, అరగంటకు తక్కువ కాకుండ ఆగి, గొట్టము చేతికి చల్లగా తగిలిన తరువాతనే, మందపు గుడ్డ వేసి, మెల్లగా విప్పవలెను. త్రోవలో ఎంత తొందర యున్నను ఈ నియమమును విడువరాదు.

ఒక పాత వస్తువునకు మరియొక పాత వస్తువు ఆయువు పోయుట మన రైతు కుటుంబములకు క్రొత్త కాదు. విరిగిన బండి ఇరుసు నాగలికి పనికివచ్చిన యిండ్లు మనవి. అయితే ఆ యిరుసు అతుకునకు ముందు వడ్రంగి కొలత తీయక మానడు. ఈ పంకాకును అంతియే. కారు ఎక్కడ కాగినదో అడిగి, రేడియేటరును కడిగించి, డైనమో శక్తిని లెక్కించి, మంచి తీగయు ఫ్యూజును వేయించి, అప్పుడు పంకాను అమర్చుకొనుడు. మా కారు ఈ వైశాఖమున రైలు గేటు చెంత ముప్పావుగంట నిలిచినను నీరు పొంగలేదు. మీ యూరి కార్లును అట్లే ఆపదవేళ ఆగక పోవుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.