నడవడానికి తీరిక ఎవరికుంది?

(నెల్లూరు తీర గ్రామాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తీరంలోని ఒక పల్లెలో చేపలమ్మే స్త్రీ నాతో అన్న మాటతో మొదలుపెడతాను. ఆమెకు నిద్ర లేదు, దేనిమీదా మనసు పోదు, ఊరికే ఏడుపొస్తుంది. డాక్టరు కుంగుబాటు అని చెప్పి, మందులు రాసి, రోజూ నడవమన్నాడట. "నేను నడవంది ఎన్నడమ్మా? తెల్లారుజామున రేవుకి, అక్కణ్ణించి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట. ఇంకా ఎక్కడికి నడిచేది?" అందామె.

డాక్టరు చెప్పింది తప్పు కాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు యాభై ఏళ్ళు, ఆపైన వయసున్న 156 మంది కుంగుబాటు రోగులపై చేసిన పరిశోధనను 1999లో ప్రచురించారు. కొందరికి వ్యాయామం, కొందరికి మందు, కొందరికి రెండూ ఇచ్చారు. 16 వారాల తర్వాత మూడు బృందాలూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మందు మాత్రం త్వరగా గుణం చూపింది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 218 పరిశోధనలను కలిపి చూసిన వ్యాసం వేసింది. నడక, పరుగు, యోగా, బరువులెత్తే వ్యాయామం మేలు చేస్తాయని అందులో తేలింది.

అయితే ఆమె ప్రశ్న కూడా తప్పు కాదు. తీరికవేళ ఇష్టంగా చేసే వ్యాయామం కుంగుబాటును తగ్గించినట్టు, బతుకుతెరువు కోసం చేసే శ్రమ తగ్గిస్తుందని పరిశోధనల్లో కనబడలేదు. గంప మోసే నడకలో మెడ పట్టేస్తుంది, సరుకు చెడిపోతుందన్న భయం వెంటాడుతుంది, ఇంటికొస్తే పొయ్యి కాచుక్కూచుంటుంది. దాన్ని చికిత్స అనలేం. అలిసిన మనిషికి ముందు విశ్రాంతి కావాలేమో, రక్తం కావాలేమో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల వచ్చే నీరసం కుంగుబాటులా కనబడవచ్చు. ఆ పరీక్షలు చేయించమని మనం అడగాలి.

కాబట్టి వ్యాయామాన్ని సలహాగా వినడం కాదు, హక్కుగా అడగాలి. ఒక అరగంట ఆమెది కావాలంటే ఆ అరగంట ఇంట్లో వంట, పిల్లల పని మగవాడు చూడాలి. వీధి దీపం కావాలి, భయం లేని దారి కావాలి, తోడు కావాలి. 1992లో ఈ జిల్లా స్త్రీలు సారా మీదికి గుంపులుగా కదిలినప్పుడు "ఆడవాళ్ళకి రోడ్డుమీద ఏం పని?" అన్న మాట చెల్లలేదు. సాయంత్రం పదిమంది కలిసి నడిచేటప్పుడూ చెల్లకూడదు.

ఒక హెచ్చరిక. నడుస్తున్నాం కదా అని డాక్టరునడక్కుండా మందులు మానకూడదు. మంచం మీంచి లేవలేని మనిషిని "కాస్త కదలరాదూ" అని నిందించకూడదు. చనిపోవాలనుందన్న మాట వింటే ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 14416 నంబరుకు, అంటే టెలి మానస్‌కు, ఫోను చేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం ప్రతివారి హక్కు.

మీ సంఘాల్లో ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేస్తున్నారో రాయించండి. ఆ పట్టికలో స్త్రీకి అరగంట దొరక్కపోతే, అది ఎవరి గంటల్లోంచి రావాలో ఇంటి మగవాళ్ళను కూచోబెట్టి అడగండి.