పువ్వుకూ పండుకూ మధ్య
(వ్యవసాయ రుణ అధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయ రుణాల తరగతిలో కాఫీ మ్యూజియం కబుర్లేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. భోజనం తర్వాతి తరగతి కదా, కాఫీ పేరెత్తితే నిద్ర రాదన్న ఆశ నాకు కొంత లేకపోలేదు. అసలు కారణం వేరు. మీలో చాలామంది త్వరలో పాడేరు, అరకు, చింతపల్లి వైపు శాఖలకు వెళ్తున్నారు. అక్కడ మీ కౌంటర్ ముందు నిలబడే ఖాతాదారుల్లో కాఫీ రైతులు ఎక్కువ.

అరకులో గిరిజన మ్యూజియం దగ్గరే ఈ కాఫీ మ్యూజియం ఉంది. పెద్దదేం కాదు, గంటలోపు చూసేయవచ్చు. కాఫీ చరిత్రను బొమ్మలతో చెబుతారు. ఇథియోపియాలో ఎర్రటి పళ్లు తిని మేకలు గంతులేశాయనే కథ మీరు వినే ఉంటారు. పదిహేడో శతాబ్దంలో బాబా బుడాన్ మోఖా రేవు నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడనే కథా వినే ఉంటారు. వీటిలో చరిత్ర ఎంత, పుక్కిటి పురాణం ఎంత అన్నది తేల్చడం మన పని కాదు. అమ్మకాల కౌంటర్ దగ్గర కాఫీ, కాఫీ గింజల చాక్లెట్లు దొరుకుతాయి. వచ్చినవాళ్లు బొమ్మల దగ్గర కన్నా అక్కడే ఎక్కువసేపు ఉంటారు. నేనూ అంతే.

రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం నా కళ్లు వేరే దాన్ని వెతికాయి. ఈ కథలో డబ్బు ఎక్కడుంది? బ్యాంకు ఉద్యోగం చేసేవాడి జబ్బు ఇది. కాఫీ చరిత్రకూ మన వృత్తికీ దగ్గరి చుట్టరికం ఉంది. లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హోటల్ నడిపేవాడు. 1688 నాటికే దాని పేరు వినిపిస్తోంది. ఓడల యజమానులు, సరుకుల వర్తకులు అక్కడ చేరి, మునిగిపోయే ఓడ నష్టాన్ని ఎవరెంత భరించాలో కాగితం మీద రాసుకునేవారు. లాయిడ్స్ బీమా అలా మొదలైంది. దగ్గర్లోనే జోనాథన్స్ అని ఇంకో కాఫీ హోటల్ ఉండేది. అక్కడ 1698లో షేర్ల ధరల పట్టీ వెలువడేది. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి తన వంశవృక్షాన్ని అక్కడి నుంచే చెప్పుకుంటుంది. బీమా, షేర్ మార్కెట్ రెండూ కాఫీ బల్ల మీద పుట్టిన పిల్లలే. అదే కాఫీని పండించేవాడి దగ్గరికి అప్పు, బీమా వచ్చేసరికి ఎంత ఆలస్యమైందో చూడండి.

మన కొండల్లో కాఫీ బ్రిటిష్ వారి కాలంలోనే అడుగుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక అటవీ శాఖ తోటలు పెంచింది. తర్వాత పోడుకు ప్రత్యామ్నాయంగా గిరిజన రైతుల చేతికి మొక్కలిచ్చారు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ప్యారిస్‌లో కప్పు ధర పెరిగితే కొండ మీద ఇంట్లో జూన్ నెల గడుస్తుందా?

ఏజెన్సీలో ఒక శాఖలో పనిచేసిన మూడేళ్లలో నేను నేర్చుకున్నది ఈ జూన్ గురించే. మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గానీ కాపు రాదు. కాపుకొచ్చాక కూడా, మార్చి, ఏప్రిల్‌లో చిరుజల్లు పడితే కొండంతా మల్లెల వాసనతో తెల్లగా పూస్తుంది, పండు ఎర్రబడేది నవంబరు నుంచి. మధ్యలో ఏడెనిమిది నెలలు. ఆ నెలల్లోనే బడులు తెరుస్తారు, వానలకు జ్వరాలొస్తాయి, ఇంట్లో ధాన్యం అడుగంటుతుంది. ఒకసారి ఒకామెను, "కార్డు లోను ఉంది కదమ్మా, వర్తకుడి దగ్గరికి ఎందుకెళ్లారు?" అని అడిగాను. "పువ్వు చూసే డబ్బిచ్చాడు బాబూ. కాయ ఆయనదే" అంది.

పువ్వు మీద అమ్మిన పంటకు బేరం ఉండదు. అంతకన్నా నష్టం ఇంకొకటి ఉంది. పండిన పళ్లనే ఏరి కోసి, తోలు తీసి, కడిగి, ఆరబెట్టి పార్చ్‌మెంటుగా అమ్మితే మంచి ధర వస్తుంది. సుమారు ఆరు కిలోల పళ్లకు ఒక కిలో గింజలు. దానికి మనుషులు కావాలి, ఆగే ఓపిక కావాలి. అప్పిచ్చినవాడు తలుపు దగ్గర నిలబడితే పచ్చీ పండూ కలిపి దూసేస్తారు. ఎంబీఏలో మాకు వాల్యూ చైన్ అని బోర్డు మీద బాణాలు గీసేవారు. ఆ బాణాల్లో ఒక్కటీ రైతు ఎన్నాళ్లు ఆగగలడో చెప్పేది కాదు.

తనఖా సంగతి చూద్దాం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అటవీ హక్కుల పట్టా వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. ఆ రక్షణ ఉండి తీరాలి, అందులో నాకు రెండో మాట లేదు. తనఖా లేదని ఫైలు పక్కన పెట్టే అలవాటే మనకు ఉండకూడదు. 2025 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంకు హామీ అక్కర్లేని వ్యవసాయ రుణాన్ని రెండు లక్షలకు పెంచింది. చిన్న తోటకు అది తక్కువేం కాదు. డబ్బు ఎప్పుడు ఇస్తాం, వాయిదా ఎప్పుడు పెడతాం అన్నదే ముఖ్యం. మైదానంలో వరికి పెట్టిన తేదీలను కొండ మీద కాఫీకి అంటించకండి. కొంత పూత దశలో, కొంత కోత కూలీలకు ఇచ్చి, పార్చ్‌మెంటు అమ్మాక వసూలుకు వెళ్లండి. 2025లో అరకు తోటల్లో కాయ తొలుచు పురుగు కనిపించింది. కాబట్టి బీమా మాట కూడా పూత రోజుల్లోనే ఎత్తండి.

శనివారం మనమంతా ఆ మ్యూజియానికి వెళ్తున్నాం. చాక్లెట్లు కొనుక్కోండి, అడ్డు చెప్పను. అక్కడి నుంచి తోటల్లోకి నడుస్తాం. కోత జరుగుతోంది, వాళ్ల పని ఆపకండి. వీలు చూసి ఒక్కొక్కరు ఒక రైతుతో మాట్లాడి రెండే విషయాలు రాసుకు రండి: ఈ ఏడు కాఫీ మీద మొదటి రూపాయి ఏ నెలలో చేతికొచ్చింది, ఎవరిచ్చారు.