చెప్పని మాటను పట్టుకోవడం

(జీఆర్ఈకి తయారవుతున్న విద్యార్థుల స్టడీ సర్కిల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



"అన్నా, క్రిటికల్ రీజనింగ్‌కి షార్ట్‌కట్‌లు చెప్పు" అని పిలిచారు. షార్ట్‌కట్‌లు నా దగ్గర లేవు. నేను చేసిన తప్పులున్నాయి, అవి చెబుతాను.

నేను తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని. మొదటి మాక్ టెస్టులో ఈ ప్రశ్నలు సగానికి పైగా తప్పాయి. ఇంగ్లీషు రాకే అనుకుని నెలరోజులు పదాల జాబితాలు బట్టీపట్టాను. మార్కులు కదల్లేదు. తప్పుల్ని ఒక్కొక్కటిగా నోటుబుక్కులో రాసుకుంటే అసలు సంగతి తెలిసింది. కూలి రేట్ల గురించో, బడి మానేసే పిల్లల గురించో ప్రశ్న వస్తే, నేను మా వాడలో చూసిన నిజానికి టిక్కు పెడుతున్నాను. పరీక్ష అడిగేది అది కాదు. ఈ వాదన నిలబడాలంటే పైకి చెప్పకుండా దేన్ని ఒప్పుకోవాలి అని అడుగుతుంది. అదే అజంప్షన్.

దాన్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది. ఆప్షన్‌ను తిరగేసి చదవండి. వాదన కూలిపోతే అదే జవాబు. చెక్కుచెదరకపోతే, ఆ ఆప్షన్ ఎంత నిజమైనా వదిలేయండి. తిరగేయడంలోనూ జాగ్రత్త కావాలి. "అందరూ" అన్నదానికి ఎదురు "ఎవరూ కాదు" కాదు, "అందరూ కాదు".

ఈ పని బాబాసాహెబ్ 1936లోనే చేసి చూపించారు. కులమంటే శ్రమ విభజనే, నాగరిక సమాజాలన్నిటికీ శ్రమ విభజన అవసరం, కాబట్టి కులంలో తప్పులేదు అనేవారు. శ్రమ విభజన అక్కర్లేదని ఆయన వాదించలేదు. చెప్పని మాటను పట్టుకున్నారు: పనిని విభజించడం, పనివాళ్లను విభజించడం ఒకటేనన్న మాటను. కులం పనివాళ్లను కూడా విడగొట్టి, ఒకరి మీద ఒకరిని మెట్లుగా పెడుతుందని 'కుల నిర్మూలన'లో చూపించారు. ఆ మాట పడింది, వాదన పడింది.

ఇప్పుడు మన కాలపు ప్రశ్న. విదేశాల్లో చదివే దళిత విద్యార్థులకు ఆధారమైన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్ని 2022లో కేంద్రం మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనకు ఈ డబ్బు వర్తించదంది. ఈ విషయాలకు వనరులు దేశంలోనే పుష్కలంగా ఉన్నాయి, బయటికి వెళ్లనక్కర్లేదన్నది చెప్పిన కారణం.

ఇక్కడ కులం మీద పనిచేయాలనుకునేవాళ్లు కూర్చుని ఉన్నారు. కోపం వస్తుంది. నాకూ వచ్చింది. కానీ కోపం ఏ ఆప్షనో చెప్పదు. చెప్పని మాట ఏమిటో చూడండి: వనరులుంటే చాలు, వాటిని ఏ గైడు దగ్గర, ఎంత స్వేచ్ఛతో, ఏ సమాజాలతో పోల్చి చదువుతామన్నది లెక్కలోకి రాదు.

దీన్ని బలహీనపరిచే ఆధారం కావాలా? బరోడా స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లిన అంబేడ్కర్, 1916 మే 9న గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినార్‌లో ఒక పత్రం చదివారు. అప్పుడాయనకు 25 ఏళ్లు. పత్రం పేరు 'భారతదేశంలో కులాలు'. 2022లో మార్చిన నిబంధన ప్రకారం ఆ అంశానికి పైసా రాదు.

బలహీనపరచమంటే పూర్తిగా కూలగొట్టమని కాదు. గట్టి ఎదురు ఉదాహరణ ఒకటి చాలు.

ఇక సాధన. జీఆర్ఈ వెర్బల్‌లో 18 నిమిషాలకు 12 ప్రశ్నలు, 23 నిమిషాలకు 15. అంటే ప్రశ్నకు నిమిషంన్నర. మొదటి రెండు వారాలు టైమర్ పెట్టకండి. రోజుకు ఐదు ప్రశ్నలే చేయండి. కానీ తప్పు ఆప్షన్ ఒక్కొక్కటీ ఎందుకు తప్పో తెలుగులో రాయండి. తెలుగులో చెప్పలేకపోతే మీకు అర్థం కానట్టే.

చివరగా, ఈ కత్తిని ఎదుటివాళ్ల మీదే వాడకండి. మన మీటింగుల్లో మనం చేసే వాదనల్ని కూడా తిరగేసి చూడండి. నిలబడినవే బయటికి తీసుకెళ్లండి.

జై భీమ్.