పాత వాల్వు టీవీ: ప్లగ్ పెట్టే ముందు ఆగండి

ఇవాళ టేబుల్ మీద ఉన్నది 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ. చెక్క పెట్టె, ముందు పక్కలకి జరిగే షట్టరు తలుపులు, కింద నాలుగు కాళ్లు. 1970ల చివరి సరుకు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. 1967లో ఇక్కడ పెట్టిన ఈసీఐఎల్ వాళ్లు ఈసీ టీవీలు తయారు చేసేవాళ్లు. మన టీవీ ఆ కాలానిదే. కంపెనీ పేరు మాత్రం చెప్పను, యాభై ఏళ్లయ్యాక ఏ కంపెనీ సరుకైనా ఇలాగే అవుతుంది.

సికింద్రాబాద్‌లో ఉండే ఒక పెద్దావిడది ఇది. ఒక షాపులో "లోపలిదంతా పీకేసి ఎల్‌సీడీ పెట్టేస్తాం" అన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు. "ఒక్కసారి దీని బొమ్మ దీనికే వస్తే చాలు బాబూ" అన్నారు. సరే, పనిలోకి దిగుదాం.

మొదటి మాట. ఇలాంటిది మీ అటక మీద దొరికితే "ఆన్ అవుతుందేమో చూద్దాం" అని ప్లగ్ పెట్టకండి. ఎందుకంటే ఇందులో ఒక భాగం పోతే మళ్లీ దొరకదు. దాని పేరు లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. మెకానిక్కులు ఈహెచ్‌టీ అంటారు. పిక్చర్ ట్యూబుకి కావాల్సిన 15 వేల వోల్టులకి పైగా తయారు చేసేది అదే. రెండు మూడు రూపాయల కెపాసిటర్ లీకై ఉంటే చాలు, ఒక్క నిమిషంలో ఈహెచ్‌టీని కాల్చేస్తుంది. అది పోయాక మిగిలేది చెక్క పెట్టె మాత్రమే. అప్పుడు ఆ ఎల్‌సీడీ షాపే గతి.

రెండో మాట ప్రాణానికి సంబంధించినది, జాగ్రత్తగా వినండి. ఈ టీవీల్లో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి నేరుగా ఇనుప షాసీకి కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే షాసీ మొత్తం 230 వోల్టులు. పైన ప్లాస్టిక్ నాబ్ ఊడిపోతే కింద ఉన్న ఇనుప కడ్డీ కూడా షాక్ కొడుతుంది. అందుకే బెంచి మీద ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేను దీన్ని ముట్టుకోను.

ఇంకోటి, ప్లగ్ తీసేసినా పిక్చర్ ట్యూబులో చార్జి మిగులుతుంది. ఆ గాజు బుర్రే ఒక పెద్ద కెపాసిటర్. లోపల ఒక పూత, బయట నల్లటి పూత, మధ్యలో గాజు. స్క్రూడ్రైవర్‌కి క్లిప్ వైరు తగిలించి, వైరు రెండో కొస బయటి పూతని పట్టుకుని ఉన్న ఎర్త్ తీగకి కలిపి, యానోడ్ క్యాప్ కిందకి మెల్లగా దూర్చాలి. "టప్" అంటుంది. అయిదు నిమిషాలాగి మళ్లీ చేయాలి, ఎందుకంటే కొంత చార్జి తిరిగి పుంజుకుంటుంది. ఒక చెయ్యి జేబులో ఉండాలి. ట్యూబు మెడకి దెబ్బ తగలకూడదు, లోపలంతా శూన్యం కాబట్టి పగిలితే గాజు ముక్కలు ఎగిరిపడతాయి. కరెంటు పని చేతకాని వాళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్లు దీన్ని చూసి ఆనందించండి చాలు, చేయొద్దు.

ఇక వెనక మూత తీశాం. దుమ్ము, బొద్దింక గుడ్లు, ఎలుక కొరికిన ఒక వైరు. పెయింట్ బ్రష్షుతో, వాక్యూమ్‌తో మెల్లగా శుభ్రం చేశా. ఇక్కడ మీ ఫోన్‌కి పని ఉంది. ఏదైనా విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ వాల్వు ఏ సాకెట్లో ఉందో, ఏ వైరు రంగేంటో రేపు మీకు గుర్తుండదు.

వాల్వుల మీద పేర్లు చూడండి: పీసీఎల్85, పీఎల్504, పీవై88, డీవై87. పేరులోనే జాతకం ఉంటుంది. మొదట్లో "పీ" ఉంటే దాని హీటర్ 300 మిల్లీ ఆంపియర్ల మీద నడుస్తుందని అర్థం. ఈ హీటర్లన్నీ వినాయక చవితి పందిట్లో వేసే పాతకాలం సీరియల్ సెట్టులా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. పిక్చర్ ట్యూబు హీటర్ కూడా అదే గొలుసులో ఉంటుంది. ఎక్కడ ఒక్క చోట తెగినా మొత్తం చీకటి. అంటే ఒక్క వాల్వు కూడా వెలగని టీవీ పూర్తిగా చచ్చినట్టు కాదు, గొలుసు ఎక్కడో తెగిందంతే.

మల్టీమీటర్ పట్టుకుని ఒక్కో వాల్వు హీటరూ చూశా. తొమ్మిది కాళ్ల వాల్వుల్లో ఎక్కువగా 4, 5 కాళ్లు హీటరువి. అన్నీ బాగున్నాయి. మరి తెగిందెక్కడ? డ్రాపర్ రెసిస్టర్‌లో. దాని లెక్క స్కూల్లో చదువుకున్న ఓమ్ సూత్రమే. ఉదాహరణకి హీటర్లన్నిటికీ కలిపి 140 వోల్టులు కావాలనుకుందాం. గోడలో 230. మిగిలిన 90 వోల్టులని డ్రాపర్ మింగాలి. 90ని 0.3తో భాగిస్తే 300 ఓములు. వేడి 27 వాట్లు. కాబట్టి 50 వాట్లది, వైరు చుట్టినది వేయాలి, చెక్కకి దూరంగా.

తర్వాత కెపాసిటర్లు. పాతవాళ్లు కండెన్సర్లు అంటారు. పెద్ద అల్యూమినియం డబ్బాలో ఉండేవి ఎలక్ట్రోలిటిక్‌లు. లోపలి రసాయనం ఏళ్ల తరబడి ఎండిపోతుంది. అప్పుడు స్పీకర్లో గుంయ్‌మని హమ్ము, తెర మీద అడ్డంగా మందపాటి నల్లపట్టీ. కొత్తవి వేసేటప్పుడు వోల్టేజి రేటింగు పాతదానికంటే తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. పాత డబ్బాని నేను తీసేయలేదు, వైర్లు విడదీసి అక్కడే ఉంచా. కొత్తవి షాసీ కింద అమర్చా. పైనుంచి చూస్తే టీవీ అప్పటిలాగే కనబడుతుంది.

ఇప్పుడు కరెంటు. అది కూడా నేరుగా కాదు, 200 వాట్ల పాత ఫిలమెంటు బల్బున్న సిరీస్ బోర్డు ద్వారా. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉంటుంది, టీవీ బతుకుతుంది. మనది మొదట వెలిగి మెల్లగా తగ్గింది. వాల్వుల్లో నారింజ రంగు వచ్చింది. ఒక్కో మెట్టూ కొలుచుకుంటూ, చివరికి బల్బు తీసేసి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పూర్తి వోల్టేజి ఇచ్చా.

ఇక్కడి నుంచి అసలు మజా. ఈ టీవీ తన జబ్బేంటో తనే చెబుతుంది, మనం చూడటం నేర్చుకోవాలి. శబ్దం ఉంది, తెర మీద వెలుగే లేదు అంటే లైన్ సెక్షన్. నడుమ అడ్డంగా ఒకే ఒక తెల్లగీత ఉంటే వర్టికల్ సెక్షన్, అంటే పీసీఎల్85 చుట్టుపక్కల. బొమ్మ పైకీ కిందకీ దొర్లితే వర్టికల్ హోల్డ్. ఏటవాలు చారలుగా చీలిపోతే హారిజాంటల్ హోల్డ్. తెర వెలుగుతుంది గానీ బొమ్మా శబ్దం రెండూ లేవంటే ట్యూనర్, ఐఎఫ్ వైపు చూడాలి. ట్యూనర్ కాంటాక్టులు శుభ్రం చేస్తేనే సగం కేసులు తేలిపోతాయి.

మనకొచ్చింది మొదటిది. స్పీకర్లో బుస్సుమని శబ్దం, తెర చీకటి. పనిచేసే టీవీ దగ్గర సన్నని ఈల వినపడుతుంది. సెకనుకి 625 గీతలు ఇంటూ 25 ఫ్రేములు, అంటే 15,625 హెర్ట్‌జ్. కుర్రాళ్ల చెవులకే బాగా వినపడుతుంది. ఇక్కడ ఆ ఈల లేదు. పైగా పీఎల్504 లోపలి రేకు ఎర్రబడటం మొదలైంది. వెంటనే ఆఫ్. అది ఎర్రబడుతుంటే చూస్తూ నిలబడితే మొదట చెప్పిన ఈహెచ్‌టీ కాలిపోతుంది.

కారణం వెతకాలి, కానీ వాల్వుని కాల్చకుండా. దాని స్క్రీన్ గ్రిడ్‌కి వెళ్లే రెసిస్టర్ ఒక కాలు విప్పేశా, అప్పుడది కరెంటు లాగదు. గ్రిడ్ దగ్గర కొలిచా. గట్టిగా మైనస్ వోల్టులు ఉండాల్సిన చోట ప్లస్ చూపిస్తోంది. అంటే ఆసిలేటర్ నుంచి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకు. అది మార్చి, రెసిస్టర్ కాలు తిరిగి అతికించి ఆన్ చేశా. సన్నగా ఈల! తర్వాత తెర నడుమ ఒక తెల్లగీత. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించా, లేకపోతే తెర పూత అక్కడే కాలి మచ్చ పడుతుంది. పీసీఎల్85 మార్చి, దాని క్యాథోడ్ కెపాసిటర్ కొత్తది వేస్తే గీత విచ్చుకుని తెరంతా నిండింది.

కానీ బొమ్మ ఎక్కడి నుంచి? 2022 నాటికి దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ మూసేశారు. గాల్లో ఈ టీవీకి అర్థమయ్యేది లేదు. కాబట్టి ఫోన్ నుంచి హెచ్‌డీఎంఐ, దాన్ని ఏవీగా మార్చే చిన్న డబ్బా, అక్కడి నుంచి ఆర్ఎఫ్ మాడ్యులేటర్. డబ్బా మీద స్విచ్చి పాల్‌లో ఉండాలి, ఎన్‌టీఎస్‌సీలో కాదు. మాడ్యులేటర్ వీహెచ్ఎఫ్ ఇచ్చేదై ఉండాలి, ఎందుకంటే ఈ ట్యూనర్‌కి యూహెచ్ఎఫ్ తెలియదు. చివర్లో 75 ఓముల కేబుల్‌ని 300 ఓముల రిబ్బన్ వైరుకి కలిపే బాలన్. ఫైన్ ట్యూనింగ్ తిప్పుతుంటే మసక మసకగా వచ్చి, ఒక చోట బొమ్మ నిలబడింది. నలుపు తెలుపు, అంచులు కొంచెం గుండ్రంగా.

మీరు ఫోన్‌తో ఇలాంటి తెరని తీస్తే నల్ల పట్టీలు పాకుతుంటాయి. అది టీవీ లోపం కాదు, కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 పెట్టండి.

మొన్న తీసుకెళ్లి ఇచ్చా. ఆవిడ స్టూలు మీద కూర్చుని పాట మొత్తం చూశారు, ఏమీ మాట్లాడలేదు. తర్వాత షట్టర్లు తనే మూశారు. వారానికి ఒకసారి, అరగంట మించకుండా, పక్కన మనిషి ఉన్నప్పుడే వేయమని చెప్పా. ప్లగ్గుకీ టీవీకీ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అక్కడే వదిలి వచ్చా.

ఒక్క పని మాత్రం మర్చిపోకండి. మీరేం మార్చారో, ఏ విలువది, ఏ తేదీన, ఒక కాగితం మీద రాసి వెనక మూత లోపలి వైపు అతికించండి. ఈ టీవీ మూతకి పాత సర్క్యూట్ బొమ్మ అతికించి ఉంది, చిరిగినా చదవగలిగాను. అది లేకపోతే ఈ పనికి నాలుగింతల టైం పట్టేది. నేను దాని పక్కనే నా కాగితం పెట్టా.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ప్లగ్ పెట్టకుండా ముందు ఫొటో తీసి పంపండి, చూసి చెబుతా. వచ్చే ఎపిసోడ్‌లో వాల్వు రేడియో. ఉంటానండి, నమస్తే.